జైలు చిట్టీ మీది పేరు

ఏందీ, జైలు విడుదల చిట్టీనా? ఎంత సులువుగ అడిగినవ్, జైసింగ్ నాయినా! జీపు దిగి మంచినీళ్లన్న తాగలె. కూసో. మీ కొత్త ఎంపీ సాబు తొందర నాకు తెల్వదా?

సన్మానం పుస్తకం అచ్చేస్తున్నరా? అరవై తొమ్మిదిల, ప్రత్యేక తెలంగాణ లొల్లిల, జైలుకు పోయిన వీరుడని రాస్తరా? రాయుండ్రి. నలభై రోజులున్న మాట నిజమే. విడిపించుకొచ్చింది నేనే గద, చిట్టీ నాకే ఇచ్చిండ్రు.

కని దాని మీద మీ సాబు పేరు, వెంకట్రాం అని ఉండది బిడ్డా. మహిపాల్ అని ఉంటది. మహిపాల్ నా సొంత తమ్ముడు.

అట్ల చూడకు. చెప్త, మతి ఉన్నప్పుడే. ఈ నడుమ పొయ్యి మీద పాలు పెట్టి, పాలేవని ఇల్లంత ఎతుకుతున్న.

అప్పుడు జనగామల ఉంటిమి. వెంకట్రాం గూడూరు దొరల పిలగాడు, మా పక్కింట్ల అర్రల ఉండి చదువుకునేటోడు. ఊరేగింపుల రాళ్లు పడ్డయి. ఉరికొచ్చిండు, ఎనుక పోలీసులు. నా కొంగు పట్టుకొని "మనోరమక్కా!" అన్నడు. జమేదారు "వీడెవడమ్మా?" అన్నడు. "మా తమ్ముడు సార్" అన్న. మనకు అలవాటే గద, అక్కా అన్నోడల్ల తమ్ముడే! విడిచిపెడ్తరనుకున్న.

"తమ్ముని పేరేంది?" అన్నడు.

నాకున్నది ఒక్క తమ్ముడు. నోట్లెకెల్లి ఆ పేరే ఊడిపడ్డది. వీడేమో గమ్మున ఊ కొట్టిండు! ఆ పేరు రాసుకొనే జైలుకు పట్టుకపోయిండ్రు.

మహిపాలా? వాడప్పుడు గార్లల చిన్నమ్మ ఇంట్ల, యాసంగి వరికోతలల ఉన్నడు. తర్వాత సమితి ఆఫీసుల గుమాస్తా నౌకరొస్తే పోలీసు రిపోర్టు అడ్డం పడ్డది. జైలుకు పోయినోడట!

వెంకట్రాం ఇంటికి మూడుసార్లు పోయిన. జైల్ల ఉన్నది నేనని ఒక్క మాట రాసియ్యి తమ్మీ అన్న. "ఇప్పుడా లొల్లెందుకక్కా, నా వకీలు చదువు ఆగమైతది" అన్నడు. పేరు మీద మచ్చలేదు, వకీలయిండు. సమితి ప్రెసిడెంటయిండు. గిప్పుడు ఢిల్లీకి పోతుండు.

నా తమ్ముడు భూపాలపల్లి అడవికి కూలికి కంకబొంగు, వెదురు, కొట్టవోయిండు. చలిజ్వరమొచ్చి, దవాఖానకు తెస్తుంటే బండిలనే పాణమిడిచిండు. ముప్పై ఏండ్లు గూడ నిండలె.

గిప్పుడు వెంకట్రాంకు జైలు గావాల్నా? మచ్చగున్నన్ని రోజులు మా నెత్తికి రుద్ది, అదే పూలదండ అయ్యేటాళ్లకు ఆయన మెడల ఏసుకుంటడా?

ఏందీ? మహిపాల్, వెంకట్రాం ఒక్కడే అని నేను సంతకం పెట్టాల్నా? ఆయనే అన్నడా? థూ!

లేవకు. ఎతికినా దొరకది, రవికెల పెట్టుకున్న. మహబూబాబాదు సన్మానం సభకు నేనే తెస్త.

కని ఒక్కటే భయం నాయినా. మహిపాలుది ఒక్క ఫోటో లేదు. కండ్లు మూసి తమ్ముడనుకుంటే వాని మొఖం రాదు. గోడగోడకు అంటించిన ఈ వెంకట్రాం మొఖమే వస్తది. నేనాడిన అబద్ధం నా తలకాయలనే నిజమైతున్నది.

సభ ఆదివారమా? అంత దాక నన్ను నేనే నమ్మ. జీపు తియ్యి, ఇయ్యాల్నే ఆయనింటికి పోదాం. నలభై రోజులు జైల్ల హాజరేస్తుంటే "మహిపాల్" అంటే పలికిండు గద. ఆయన చుట్టున్న జనం ముందట నిలబడి నేను గూడ గదే పేరు పెట్టి పిలుస్త.

పలుకుతడో లేదో చూద్దాం.