సంతకానికి ముందు

2003 వేసవి. పెద్దాపురంలో రిటైర్డ్ హైకోర్టు జడ్జి పల్లంరాజు గారిల్లు. ఎస్టీడీ బూత్ నుంచి ఫ్యాక్స్ కాగితం ఇప్పుడే వచ్చింది. కొత్త కోడలు హేమశ్రీ దాన్ని పైకి చదువుతోంది. అత్తగారు మాణిక్యాంబ కాజాల పళ్లెం పట్టుకుని వింటోంది.

“... తీర్పు చెప్పే ముగ్గురు ఆర్బిట్రేటర్లలో ఒకరు మీరేనండీ, మామయ్యగారూ. ఓ విదేశీ కంపెనీకీ, ఓ దేశ ప్రభుత్వానికీ తగాదా. కంపెనీ వాళ్లు మిమ్మల్ని ఎంచుకున్నారట.”

“ఏదీ, ఆ మాట ఇంకోసారి చదువమ్మా.”

“ఎన్నిసార్లండీ. ముందు చేతిలో కాజా తినండి, పాకం కారిపోతోంది.”

“రిటైరయ్యాక గట్టు తగాదాలకి తప్ప నన్నెవరూ పిలవలేదు హేమా. పెన్నిలా తే. సంతకం పెట్టి పంపేద్దాం.”

“ఉండండి. ఇక్కడో ప్రశ్న ఉంది. రెండు పక్షాలతో గానీ, వాళ్ల లాయర్లతో గానీ మీకేమన్నా దగ్గరితనం ఉందా, ఉంటే చెప్పమని.”

“ఏం లేదు. లేదని రాసెయ్యి.”

“కంపెనీ లాయరు సుధాకర్ వర్మ గారండి.”

“అయితే?”

“అయితే అంటారేంటండీ. మా పెళ్లి కుదిర్చింది ఆయనే కదా.”

“పెళ్లి కుదిరిస్తే దగ్గరవాడైపోతాడా? మనింట్లో కాఫీ తాగినవాళ్లందరి పేర్లూ రాయమంటావా?”

“కాఫీ కాదండీ. మా నాన్నగారిని మీ గుమ్మం ఎక్కించింది ఆయన. తాంబూలాలప్పుడు మీ పక్కన కూర్చుంది ఆయన. పెళ్లి పందిట్లో మైకులో చదివింపులు చదివితే ముందు వినపడింది ఆయన పేరే.”

“వెండి పళ్లెం ఇచ్చాడు. దానికి తీర్పు రాసిస్తానా నేను?”

“రాయరని నాకు తెలుసండి. ఆ ప్రభుత్వానికెలా తెలుస్తుంది?”

“నా తీర్పులు చదివితే తెలుస్తుంది.”

“తీర్పులు కాదండీ, మా పెళ్లి ఫొటో చూస్తారు. మీరెంత న్యాయంగా చెప్పినా చెల్లదంటారు. ముందే చెప్పేస్తే ఆ మాట అనలేరు.”

“చెబితే నన్ను తప్పించేస్తారు.”

“తప్పించకపోవచ్చు కూడా.”

“తప్పిస్తే? చెప్పు. మాణిక్యం, చూశావా నీ కోడల్ని. లా చదివిన పిల్ల, లా చదివిన పిల్ల అని మురిసిపోయావు.”

“అది కాదండీ...”

“ఏది కాదు? ఇందాకట్నుంచీ ఆ పళ్లెం పట్టుకుని అలా నుంచుండిపోయావేంటి?”

“సుధాకర్ గారు ఈ సంబంధం తెచ్చిన రోజు మీరు స్నానానికెళ్లారు. ఆయన నన్నో మాటడిగారు. విదేశీ కేసొకటి రాబోతోంది, రాజు గారు కూర్చుంటారా అని.”

“నువ్వేమన్నావు?”

“కూర్చుంటారన్నాను. అప్పుడు తీశారండీ, జేబులోంచి, పిల్ల ఫొటో.”

“అత్తయ్యగారూ... మీ అబ్బాయికి తెలుసా ఈ సంగతి?”

“వాడికేం తెలుసమ్మా. వాడికి నీ ఫొటో ఒక్కటే తెలుసు.”

“హేమా.”

“చెప్పండి మామయ్యగారూ.”

“తప్పుకుంటున్నానని రాయి. ఎందుకో కూడా రాయి, ఏదీ వదలకుండా. రేపు పొద్దున్నే మనిద్దరం బూత్‌కెళ్లి పంపించొద్దాం.”