ఇద్దరు ఇప్పలగడ్డోళ్ళు

"నాయినమ్మా, మన ఇంటిపేరు ఎట్లొచ్చిందే? ఇయ్యాల ఆఫీసుల ఒకాయన అడిగిండు, 'ఇప్పలగడ్డ అంటే మీరు ఎవరు?' అని. ఏం చెప్పాల్నో తెల్వలే."

మనుషులమే అని చెప్పకపోయినవా! ఆగాగు, ఆ రికార్డు పెట్టిన ఫోను గంత దగ్గర పెట్టకు. నా గొంతు సంగతి నీకు తెల్వదు, నేను ఈడ ఛత్రినాకల దగ్గితే ఆడ చార్మినార్ మీద పావురాలు లేస్తయి. జర దూరం పెట్టు. ఆ, గట్ల. కూసో.

ఆయన అడిగింది ఇంటిపేరు కాదు బిడ్డా, కులం. సీదా అడిగితే బాగుండదని ఇంటిపేరు అడుగుతరు. అడిగినా ఆయనకు ఏం దొరకది. మన పేరుల కులం లేదు. ఎందుకు లేదో చెప్త, ఇను.

ఇంటిపేర్లు ఆకాశంల నుంచి రాలిపడలే. మా అమ్మగారింటి పేరు చింతల. ఎందుకంటవ్? మా ముత్తాత ఇంటి ముంగట చింతచెట్టు ఉండె. ఒక్కటే చెట్టు, కానీ ఏం చెట్టు! దాని కాయతోని గోల్కొండ నుంచి బీదర్ దాక అందరు చారు కాసుకునేటోళ్ళు. నవ్వకే, తక్కువ చేసే చెప్తున్న. చింతచెట్టోళ్ళు, చింతచెట్టోళ్ళు అనుకుంట చింతలోళ్ళు అయిరి. మన ఎనక గల్లీల గొడుగోళ్ళు లేరా? వాళ్ళ తాతకు తాత ఎవరో దొరకు గొడుగు పట్టిండంట. దొర పోయె, గొడుగు చినిగిపోయె, పేరు మిగిలె. ఒకలకు చేసే పనిని బట్టి, ఒకలకు ఇంటి ముంగటి చెట్టును బట్టి, ఇంకొకలకు ఎవడో ఎక్కిరించిన మాటే పేరయితది. పేరు పెట్టేది ఎప్పుడు పక్కింటోళ్ళే, మనల్ని అడుగుతరా ఏంది?

మనది ఊరి పేరు. ఇప్పలగడ్డ అని ఒక ఊరుండె. ఇప్పుడు లేదు, ప్రాజెక్టు నీళ్ళల్ల పోయింది. నేనైతే చూడలే. మా మామ మల్లయ్య, అంటే మీ తాతకు నాయిన, ఆ ఊరోడు. ఊర్లె ఉన్నన్ని దినాలు వాళ్ళను మందలోళ్ళు అంటుండె, గొర్లమంద ఉండెనని. కరువొచ్చి గొర్లన్ని పోయినయి. పట్నం వచ్చి ఈడ చిన్న దుకాణం పెట్టుకున్నంక, ఆ మంద సంగతి పట్నంల ఎవరికి ఎరుక? "ఏ ఊరోళ్ళు?" అని అడిగితే "ఇప్పలగడ్డ" అన్నడు. గంతే, ఇప్పలగడ్డ మల్లయ్య అయ్యిండు. ఊరిడిచినోనికే ఊరి పేరొస్తది బిడ్డా. ఊర్లె ఉన్నోనికి ఆ పేరెందుకు, అందరిదీ అదే ఊరాయె.

మామ రోజు పొద్దుగాల ఉస్మాన్‌గంజ్ బజారుకు పోయి చింతపండు, ఎండు మిరపకాయలు తెచ్చేది. అప్పుడు చింతపండు ఎంత అగ్గువ అంటే, సేటు తూకమే ఎయ్యకపోతుండె, నీకెంత మొయ్యొస్తే గంత మోసుకపో అంటుండె. సరే, కొంచెం తూకం ఏస్తుండె. ఆడ ఖాసిం భాయ్‌ది చాయ్ హోటల్. ఒక దినం ఖాసిం భాయ్ గల్లపెట్టె కాడ కూసోని, "ఓ ఇప్పలగడ్డా, చాయ్ సల్లగవుతుంది!" అని మామను పిలిస్తే రెండు తలకాయలు తిరిగినయంట. ఒకటి మామది. ఇంకొకటి మూలకు కూసున్న హమాలీది. ఆయననే ఎల్లయ్య. ఆయనది భి అదే ఊరు. ఊరిడిచి పట్నమొచ్చి గంజ్‌ల బస్తాలు మోస్తున్నడు. ఆయనకు భి పట్నపోళ్ళు అదే పేరు పెట్టిండ్రు. పెండ్లాం పోయింది, పిల్లలు లేరు, ముందు ఎనక ఎవ్వరు లేరు.

ఊరొక్కటే గానీ, మనోళ్ళు ఊర్లె ఉండేటోళ్ళు, ఎల్లయ్యోళ్ళు ఊరవతల వాడల ఉండేటోళ్ళు. అర్థమైంది గద? వాళ్ళ బాయి వేరు, మన బాయి వేరు. ఊర్లె అయితే మన అరుగు మీద కూసోనియ్యరు. గంజ్‌ల మాత్రం ఇద్దరు ఒక్క బల్ల మీద కూసోని, మునిగిపోయిన ఊరిని మల్ల కట్టేటోళ్ళు, గీడ చావడి, గాడ ఇప్పచెట్టు అనుకుంట. మామ ఇంటికొచ్చి మురుసుకుంట చెప్తే, అత్తమ్మ ఒక్కటే మాట అన్నది, "ముచ్చట చాయ్ కాడనే ఉండనియ్యి, ఇంటిదాక తేకు." మా అత్తమ్మ సంగతి నీకు తెల్వదు. ఆమె నడి రోడ్డు మీద నిలవడితే బస్సు డ్రైవర్ దిగి, "జరుగుతవా అమ్మా" అని దండం పెట్టి అడుగుతుండె.

ఒక్క ఇంటిపేరోళ్ళను పాలోళ్ళు అంటరు బిడ్డా. అన్నదమ్ముల లెక్క. పిల్లనిచ్చుకోరు, పిల్లను తెచ్చుకోరు. ఒకలింట్ల చావు అయితే అందరిండ్లల్ల మైల, పెద్దకర్మ అయ్యేదాక గుడికి పోరు, పండుగ చెయ్యరు. కానీ అదంత ఒక్క కులపోళ్ళ మధ్యన. వేరే కులపోనికి అదే ఇంటిపేరున్నా పాలోడు కాడు. లోకం లెక్క గది.

ఇగ ఆ యేడు ఎండాకాలం. మీ నాయిన చంకల పోరడు. తల్లి పోసింది. అంటే అమ్మవారు, మీరు ఇంగ్లీషుల ఏమంటరో. ఒళ్ళంత పొక్కులే, ఆవగింజ పెట్ట జాగ లేదు. తల్లి ఇంట్లున్నదంటే కట్టుబాటు మస్తు ఉంటుండె. మొగోళ్ళు గడ్డం గీసుకోరు, నీసు ముట్టరు, కాళ్ళకు చెప్పులు ఎయ్యరు. దుకాణం బందైంది, అసొంటి ఇంటికి ఎవరొస్తరు? మామ గంజ్‌కు పోవుడు భి బందు. అత్తమ్మ ఏపకొమ్మ పట్టుకొని పోరని పక్కలనే కూసోని మొక్కుకున్నది, "తల్లీ, నా పోరన్ని నాకు ఇడువు. ఆషాఢంల కొత్త కుండల బోనమొండి, ఒట్టి కాళ్ళతోని నీ గుడికి ఎత్తుకొనొస్త" అని.

పోరడు లేచిండు. అత్తమ్మ కుమ్మరోళ్ళ కాడికి పోయి కుండ తెచ్చి, సున్నం పూసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి గూట్ల పెట్టుకున్నది. నేను మస్తు కోతలు కోస్త, నీకెరుకే. కానీ ఆ భయం గురించి నేను కొయ్య. మొక్కు తప్పితే తల్లి మల్లొస్తదని, వస్తే ఈసారి ఇడువదని, ఇంట్ల అందరికి లోపల వణుకే. అత్తమ్మకు మరీ.

వచ్చే ఆదివారం బోనాలనంగ, ఒకనాడు పొద్దుగాలనే ఖాసిం భాయ్ వాకిట్లకు వచ్చిండు. ఎన్నడు రానోడు. టోపీ చేతిల పట్టుకొని నిలవడ్డడు.

"మల్లయ్య భాయ్, బురా హువా. మీ ఎల్లయ్య గుజర్ గయా. బస్తా మోస్తుంటే బస్తాతోనే కూలి పానం ఇడిచిండు. శవం పెద్దదవాఖానల ఉన్నది."

అత్తమ్మ లోపలికెల్లి వచ్చింది. "మా ఎల్లయ్య ఏంది భాయ్? మాకేమైతడు?"

"భాభీ, ఇంటిపేరు ఒక్కటే గద. దవాఖానల అడుగుతున్నరు, ఇతనికి మనుషులు ఎవరున్నరని. ఎవరు రాకపోతే లావారిస్, దిక్కులేనోడు అని రాస్తరు. వాళ్ళే తీస్కపోయి ఏడనో కప్పెడుతరు. మేము పోతే, మీరు ఏమైతరు అన్నరు. ఏం చెప్పాలె?"

మామ అంగీ తొడుక్కుంటున్నడు అప్పటికే. అత్తమ్మ దర్వాజకు అడ్డం నిలవడ్డది.

"యాడికి?"

"ఎల్లయ్య కాడికి."

"ఇగో ఇను. పాలోడని మైల పట్టినవంటే నా బోనం పోతది. బోనం పోతే తల్లికి ఏం జవాబు చెప్పుదాం? చంకల పోరన్ని చూసి మాట్లాడు."

"ఒక్క ఊరోడే..."

"ఒక్క ఊరైతే? బాయిలు వేరు గావా?"

"బాయిలు వేరేనే," అన్నడు మామ. మెల్లగ అన్నడు, ఆయన గొంతు ఎన్నడు లేవది. "కానీ ఊరి పేరు పెట్టుకున్నప్పుడు మనం సగం ఊరి పేరు పెట్టుకోలే."

అత్తమ్మ ఆఖరికి జరిగింది. "పో. మొయ్యి, మట్టి పొయ్యి, పున్నెమే. కానీ పరాయోన్ని మోసినట్టు మోసి రా. వాకిట్ల నీళ్ళు కాగవెడుత, తానం చేసి లోపలికి రా. పాలోడన్న మాట నోట్లకెల్లి రానియ్యకు. నీ కాళ్ళు మొక్కుత."

ఎన్నడు ఎవరికీ కాళ్ళు మొక్కని మనిషి గట్ల అన్నది. నేను పోరన్ని ఎత్తుకొని పొయ్యి కాడ నిలవడ్డ. ఇంటి కోడలిని, నా నోరు ఏడ లేస్తది?

పొద్దు వాలే యాళ్ళకు వచ్చిండ్రు ఇద్దరు, మామ, ఖాసిం భాయ్. మామ అంగీ నిండ మట్టి. గంజ్ హమాలీలంత కదిలిండ్రంట, వెయ్యిమంది. సరే, ఇరవై మందన్న ఉంటరు. పాడె ముంగట కుండ పట్టుకున్నది మామ. ఖాసిం భాయ్ భి భుజం పట్టిండు.

అత్తమ్మ నీళ్ళ బిందె కాడ నిలవడి అడిగింది, "దవాఖానల ఏమని చెప్పినవ్?"

మామ తలకాయ దించుకున్నడు. "ఏమైతవ్ అని అడిగిండ్రు. పాలోన్ని అన్న."

అమ్మో, ఇగ సూడు! అత్తమ్మ లేచిన లేవుడు! గల్లీల కుక్కలు సుత ఇండ్లల్లకు ఉరికినయి. "మనుమడు నీ కండ్లకు ఆనలేదా? ఎవడో చచ్చినోని కోసం బతికినోన్ని తల్లి నోట్ల పెడుతవా? వాడు మనకు ఏం చేసిండని?"

ఖాసిం భాయ్ మాట్లాడిండు.

"భాభీ, నేనొక మాట చెప్తె ఇంటరా? ఇది మల్లయ్య భాయ్‌కి భి తెల్వదు. ఎండాకాలంల ఈయన గంజ్‌కు రాకపాయె గద, మల్లయ్య ఏడి అని ఎల్లయ్య నన్ను అడిగిండు. పోరనికి అమ్మవారని చెప్పిన. ఆ దినంకెల్లి ఎల్లయ్య గడ్డం గీసుకోలే. మా హోటల్ల కీమా పెడితే వద్దన్నడు. చెప్పులు ఇడిచిపెట్టిండు. గంజ్ బండల మీద ఎండాకాలం ఎట్లుంటదో ఎరుకే, ఒట్టి కాళ్ళతోని బస్తాలు మోసిండు. 'క్యా రే, పాగల్ హువా?' అన్న. 'మా పాలోళ్ళింట్ల తల్లి ఉన్నది భాయ్' అన్నడు. పోరడు లేచిండని ఎరుకైన దినమే గడ్డం గీసుకున్నడు."

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నడు మామ.

"వద్దన్నడు భాయ్. 'ఇంట్ల ఆడోళ్ళకు నచ్చదేమో, మంచిగుండది' అన్నడు."

నీళ్ళల్లకెల్లి పొగ లేస్తుంది, అత్తమ్మ ఆ పొగ దిక్కే చూస్తుంది. నేనూ ఆమె ముఖం దిక్కు చూస్తున్న. చాన సేపు. ఎంత సేపంటే... తెల్వదు బిడ్డా, నేను ఈడ ఎక్కువ తక్కువ ఏం చెప్ప. చాన సేపు.

ఆ ఎనక అత్తమ్మ లోపలికి పోయింది. గూట్లకెల్లి కుండ తీసింది. సున్నం పూసిన కుండ, పసుపు బొట్లు ఇంకా పచ్చగనే ఉన్నయి. కొంగుతోని ఒక్కసారి తుడిచి, మూలకు తీస్కపోయి బోర్లిచ్చింది. నా దిక్కు తిరిగి, "పిల్లా, దేవుని కాడ దీపం తియ్యి. ఇంట్ల మైల" అన్నది.

దీపం తీసిన.

ఆదివారం బోనాలు ఎల్లినయి. ఛత్రినాక అంత డప్పులు, ఏపాకు, పసుపు వాసన. మా గడప ముంగట్నుంచే ఆడోళ్ళు నెత్తి మీద బోనం, బోనం మీద దీపం పెట్టుకొని పోతుండ్రు. మా అత్తమ్మ గడప లోపటనే నిలవడ్డది, చంకల పోరన్ని పెట్టుకొని. పక్కింటి యాదమ్మ ఆగింది.

"ఏం వదినా, కుండ తెస్తివి, మొక్కితివి, మరి ఎత్తుకోలే?"

"మా పాలోడు పోయిండు."

యాదమ్మ పరేషాన్ అయింది. "అయ్యో! మీ పాలోళ్ళల్ల ఎవరు వదినా? మాకు ఎరుక లేదు!"

"ఇప్పలగడ్డ ఎల్లయ్య" అన్నది అత్తమ్మ. ఇంటిపేరుతోని అన్నది, గల్లీ అంత ఇనేటట్టు. హమాలీ ఎల్లయ్య ఎవరో అక్కడ అందరికి ఎరుకే, ఖాసిం భాయ్ వచ్చిపోయినంక గల్లీల అదే లొల్లి. ఒకామె మూతి తిప్పింది. ఒకామె నవ్వింది. యాదమ్మ మాత్రం బోనం కుండను చేతితోని సదురుకొని, "శివసత్తులొస్తుండ్రు, పోత వదినా" అని ఎల్లిపోయింది.

డప్పుల చప్పుడు దూరమయ్యేదాక అత్తమ్మ అక్కడనే నిలవడ్డది. ఒక చెయ్యి పోరని నుదురు మీద పెట్టింది. తీసి, మల్ల పెట్టింది. మల్ల తీసి, కడుపు మీద పెట్టి చూసింది. ఒళ్ళు కాలుతుందా, లేదా అని. ఆ దినమంత ఆ చెయ్యి పోరన్ని ఇడువలే. పోయినోన్ని పాలోడని అన్నది, కానీ భయం పోలే బిడ్డా. భయపడుకుంటనే అన్నది. నాకు అదే యాదికొస్తది.

తల్లి ఏమనుకున్నదో నాకు తెల్వదు. పోరనికి ఏం కాలే. ఆ రాత్రి కాలే, ఆ నెల కాలే, ఆ యేడు కాలే. మరుసటేడు మా అత్తమ్మ ఎత్తుకున్నది చూడు బోనం, దాని మీద దీపం పహాడీషరీఫ్ గుట్ట దాక కనవడ్డది.

ఇంక నీకు అనుమానముంటే, అగో, లోపటి అర్రల నుంచి గుర్రు ఇనవడుతుంది గద? మీ నాయిననే. పగటి నిద్ర. మీద రేకులు లేవకుంట మేము బండలు పెట్టినం. పో, దుప్పటి జారిపోయిందేమో కప్పిరా. మెల్లగ పో.

నువ్వు సల్లగుండాలె బిడ్డా. నీకేమన్న అయితే, నువ్వు అడగకుంటనే చెప్పులిడిచేటోళ్ళు నీ పక్కకు ఉండాలె. నీకు ఎరుకైనా, కాకున్నా... పో, మీ నాయినకు కప్పిరా...