హిల్డా అపాయింట్‌మెంట్

యార్క్‌షైర్‌లో మా ఊరి క్లినిక్‌ని తనిఖీ చేయడానికొచ్చినావిడ, ఓ ముసలాయన పక్కన కూర్చుంది.

"ఇక్కడ వైద్యం ఎలా ఉందండీ?"

"బానే ఉందమ్మా. వంక పెట్టడానికేం లేదు."

"ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ దొరుకుతుందా?"

"పొద్దున ఎనిమిదింటికల్లా చేస్తా. నా వంతొచ్చేసరికి ఆ రోజు టైములన్నీ అయిపోతాయి. ఆ మాట చెప్పే అమ్మాయి మాత్రం ఎంత మర్యాదస్తురాలో!"

"మరి ఇవాళ ఎలా దొరికింది?"

"ఇది మా ఆవిడ హిల్డాది. గుండెల్లో నొప్పి. డాక్టర్ని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక, తొందరేం లేదని చెప్పింది. మూడు వారాల తర్వాతకి ఇచ్చారు."

"ఆవిడేరీ?"

"మంగళవారం పోయిందమ్మా. రద్దు చేద్దామంటే ఫోన్ కలవలేదు. ఈ టైము ఇంకెవరికైనా పనికొస్తుంది కదా, చెప్పిపోదామని వచ్చా."

రాసుకుంటున్న తనిఖీ ఆవిడ కలం ఆగిపోయింది.

"ఆపావేం? బానే ఉందని రాయి. పక్క ఊళ్లో ఇంకా అధ్వాన్నమట."