ఉడుతకు గొంతిచ్చిన ఆవిడ

వీడియో గేమ్ పదకొండో భాగానికి రికార్డింగ్ జరుగుతోంది. స్టూడియో గాజు గోడ అవతల, కుందేలును ప్రేమించే ఉడుతకు గొంతిచ్చే ఆవిడ. ఇవతల హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, మొదటి భాగం నుంచీ ఆ ఉడుత మాటలు రాస్తున్న రచయిత.

"'ఆగావా' అన్న ఒక్క మాట. నాలుగుసార్లు చెప్పినా కుదరట్లేదండి," అన్నాడతను.

"పది భాగాలు నన్ను ఆ కుందేలు వెనక పరిగెత్తించి 'ఆగు, ఆగు' అనిపించారు. ఇప్పుడు వాడు ఆగాడంటే నా నోరే నమ్మట్లేదు."

"ఆ 'ఆగు' మాత్రం ప్రాణం పెట్టి చెప్పేవారు. కుందేలు గొంతేమో వేరే రోజు రికార్డు చేసేవాళ్లం. ఎదురుగా ఎవరూ లేకుండా అలా ఎలా వచ్చేది?"

"ఎదురుగా మీరుండేవారుగా."

కాగితం మీద అతని పెన్ను కదలడం మానేసింది.

"ఒక్క ముక్క నాతో చెప్పాల్సింది."

"పదిహేనేళ్లు మీ చెవిలోనే చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. తలెత్తకుండా 'బాగా వచ్చింది, ఇంకొక్కసారి' అనేవారు."

"ఇప్పుడు..."

"ఇప్పుడు కింద కారులో మా ఆయన ఎదురుచూస్తున్నారు. కానివ్వండి."

ఆవిడ ఊపిరి పీల్చుకుని "ఆగావా" అంది. ఈసారి వంక పెట్టడానికేమీ లేదు.

అతను తలెత్తి గాజులోంచి ఆవిడనే చూశాడు.

"ఇంకొక్కసారి," అన్నాడు.