క్లోరిన్ డబ్బా

ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ పక్కనున్న పంపు గదిలో మెకానిక్ కొత్త మెషిన్ని గోడకి బిగిస్తున్నాడు. ఆ ఇంటి కోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇక మీకు బెంగ లేదమ్మా. నీళ్ళలో ఉప్పు పోశాం కదా, అందులోంచి ఇదే క్లోరిన్ తయారు చేసుకుంటుంది."

"చేత్తో చెంచాడు కూడా వేయక్కర్లేదు కదా?"

"అస్సలు వేయకూడదు. ఇన్నాళ్ళూ ఎవరు వేసేవారు?"

"మా మామయ్యగారు. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా ఆ పనే. ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు."

"పోనీలెండి, పెద్దాయనకి శ్రమ తప్పింది."

"వేసిన సంగతి మర్చిపోతున్నారండీ. మళ్ళీ వెళ్ళి వేస్తారు. మొన్న ఎన్నిసార్లు వేశారో తెలీదు. పాప అందులోకి దూకేసింది."

"అయ్యో! ఇప్పుడెలా ఉంది?"

"కళ్ళకి కట్టు కట్టారు. విప్పితే గానీ ఏమీ చెప్పలేమన్నారు."

"పెద్దాయనకి తెలుసా?"

"చెప్పాం. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పొద్దున లేచి, పాప కళ్ళకేమైందని మళ్ళీ అడిగారు."

"మరి ఈ క్లోరిన్ డబ్బా ఏం చేయమంటారు?"

"మీరు పట్టుకుపోండి. ఆయన కంటపడకూడదు."

"రేపు పొద్దున డబ్బా ఏదని అడిగితే?"

"మీరు ఇందాకే వేసేశారు మామయ్యా, అంటాను."

"నమ్ముతారా?"

"నమ్ముతారు. రోజూ ఆ మాటే చెప్పి ఆయన్ని లోపలికి తీసుకొచ్చేదాన్ని. మొన్న చెప్పడానికి నేను ఇంట్లో లేను."