రోజు విడిచి రోజు

హలో… ఆ, నేనే, రూబీని. సౌదీ, తబూక్ నుంచి. వార్డు ఫోన్లోంచి చేస్తున్నా యిర్మీయా బావా.

…అక్క బానే ఉందిగా?… సరే. చేసింది దానికి కాదు.

పోయిన వారం నువ్వు ఇంగ్లీషులోకి మార్చి పంపావు చూడు, లిథువేనియా ఆయన మందుల కాగితం… ఆ, గోధుమ పొలాల్లో మెషిన్లు బాగుచేసే పెద్దాయన. కీళ్లనొప్పులాయన.

ఒక్క నిమిషం — క్రిస్టీనా, ఆయనకి మాత్ర ఇవ్వకు. కప్పులోనే ఉంచు — ఆ, చెప్పు.

…లేదు, ఎవరూ ఏమీ అనలేదు. అనుమానం నాకే.

రోజు విడిచి రోజు అని రాశావు. కాకినాడలో చేసినప్పుడు ఈ మాత్ర మేం వారానికి ఒక్కసారే వేసేవాళ్లం… అడిగాను, డాక్టర్నీ అడిగాను. వాళ్ల దేశం డాక్టర్ రాశాడు, కింద అనువాదకుడి ముద్ర ఉంది, నీకెందుకన్నారు.

…నువ్వూ అదే మాటా? ఆయన నోరంతా పూసింది బావా. మంచినీళ్లు కూడా దిగట్లేదు. మాత్ర తీసుకెళ్తే తల అడ్డంగా ఊపి ఒక వేలు చూపిస్తాడు. అవును పెద్దాయనా, ఒకటేనని నేనూ వేలు చూపించి మింగించాను. ఎనిమిది రోజుల్లో నాలుగుసార్లు.

…అరవట్లేదు. ఒక్కటి చెప్పు. వాళ్ల దేశంలోనే, కౌనాస్‌లో మూడేళ్లు చదివొచ్చావుగా. సోమవారాన్ని అక్కడేమంటారు?

…ఊరికే. చెప్పు.

పిర్మాదియెనిస్. మొదటి రోజని అర్థమా… బావుంది. మంగళవారాన్ని?

…

బావా, మంగళవారాన్ని?

…గట్టిగా చెప్పు, వినపడలేదు.

అంత్రాదియెనిస్.

ఆయన తెచ్చిన అసలు కాగితం మీదా అదే ఉంది. చివర తోక ఒక్కటే తేడా. మంగళవారం మంగళవారం వేసుకోమంటే, రెండో రోజు అని విడగొట్టి, రోజు విడిచి రోజు చేసేశావు… అంటే ఆయన చూపించిన వేలు, వారానికి ఒకటని.

…అసలు చదివావా, కంప్యూటర్లో వేసి ముద్ర కొట్టావా?

…

ఏంటీ? మళ్లీ చెప్పు.

పాత తేదీ వేసి కొత్త కాగితం పంపుతావా… నువ్వు మొదట పంపినదాన్ని నేను చింపెయ్యాలా.

ఈ పని నీకు ఇప్పించిందే నేను. మా బావ అక్కడ చదివాడు, నమ్మొచ్చు అని ఇంతమందికి చెప్పాను. నాకు సిగ్గుగా ఉంది బావా. ఇలాంటి కాగితాలు ఇంకెన్ని పంపావు?

…అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో.

ఉండు, డాక్టర్ ఖాలిదా మేడమ్ వస్తున్నారు. స్పీకర్లో పెడతా. ఇందాక నాకు చెప్పిన ఆ మంగళవారం పేరు, దాని అర్థం, ఆవిడకి నీ నోటితోనే చెప్పు… చింపను. ఇది నా జేబులోనే ఉంటుంది.

పెట్టాను. చెప్పు.

…

బావా?… హలో?

కట్ చేశాడు క్రిస్టీనా. మేడమ్‌కి నేనే చెప్తాను. ఆ కప్పు ఇలా ఇవ్వు. ఇవాళ గురువారం.