నాలుగో చరణం

పాడనని అన్నానా అయ్యగారూ? మూడు చరణాలు పాడతానంటున్నాను. నాలుగోది వదిలెయ్యమంటున్నాను, అంతేగా. మూడు చరణాల పాటలు లోకంలో లేవా?

లేదండీ, గొంతు బానే ఉంది. వేణ్ణీళ్ళు వద్దు, ఆ ఫ్లాస్కు అక్కడ పెట్టెయ్యండి. కాసేపు కూర్చోండి. స్టేజి మీద ఇంకా ఆహ్వానాలే నడుస్తున్నాయి. మైకు చేతికొస్తే ఎవరు వదులుతారు గనక. మనకి టైముంది.

జనం ఆ పాట కోసమే వచ్చారంటారు. నాకు తెలీదూ? కారు దిగిన దగ్గర్నుంచి వింటున్నాను, పాటలక్క వచ్చింది, పాటలక్క వచ్చింది అని. పల్లవి ఎత్తగానే చేతులెత్తుతారు. నాలుగో చరణానికి ఏడుస్తారు. 'నా బిడ్డను లేపినావు' అని నేను పాడుతుంటే తల్లులు వాళ్ళ పిల్లల్ని పైకెత్తి పట్టుకుంటారు. మీరు ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఉంటారు గనక మీకు కనబడదు. నేను కళ్ళు తెరుచుకుని పాడే మనిషిని.

ఆ పాట ఎక్కడ పుట్టిందో మీకు తెలుసు కదా. మా పిల్ల హాస్పిటల్ వార్డులో, నేను బయట వరండాలో బల్ల మీద. మందుల బండి ఒకటి తిరిగేది, దాని చక్రం ఒకటి వంకర. టక్ టక్ టక్, కాస్త ఆగి, టక్. నాకు పాటలెప్పుడూ అంతే, ముందు నడక దొరకాలి, మాటలు తర్వాత. ఆ చక్రం నడక మీదే పల్లవి కట్టాను. ఇప్పుడు ఇంతమంది చప్పట్లు కొడుతున్నది ఆ వంకర చక్రానికే.

మూడు చరణాలూ అడుక్కోవడమే. నా బిడ్డను చూడు, నా బిడ్డను ముట్టు, నన్ను విడువకు. నా మటుకు పాట అక్కడితో అయిపోయింది. అడిగినదానికి జవాబే రాలేదు, ఇంకేం రాస్తాం?

మీరొచ్చారు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. పాట విన్నారు. "అడిగావు సరే, కృతజ్ఞత ఏదమ్మా? పొందేశామని నమ్మి ముందే స్తుతించాలి, అదే విశ్వాసం" అన్నారు.

ఆ మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ సాయంత్రమే నాలుగో చరణం కట్టేశాను, జరగనిది జరిగిపోయినట్టు. మనం తప్ప ఇలాంటి పని ఇంకెవరు చేస్తారండీ?

పిల్లకి పాడి వినిపించాను. అప్పటికే దానికి మాట పీలగా వస్తోంది. అయినా తప్పు పట్టింది. నేను 'లేచి నడిచెను' అని పెట్టాను. "నడవడం ఏముందమ్మా, ఆడెను అని పెట్టు" అంది. పెట్టాను. నిజం చెప్పాలంటే తాళానికీ అదే బాగా కూర్చుంది. వాళ్ళ నాన్న కీబోర్డు మంచం పక్కకి తెచ్చి, నర్సులకి వినబడకుండా సౌండు తగ్గించి వాయించాడు. పిల్ల నవ్వింది.

పాట రికార్డయింది, బయటికెళ్ళింది, ఊళ్ళన్నీ తిరిగింది. పిల్ల మాత్రం మంచం దిగలేదు.

సమాధి దగ్గర మిమ్మల్ని అడిగాను కూడా. అయ్యగారూ, ఇప్పుడా పాట సంగతేంటి అని. ఇప్పుడే చెప్పొద్దమ్మా, విశ్వాసంలో బలహీనులుంటారు, పడిపోతారు, సమయం వచ్చినప్పుడు చెబుదాం అన్నారు. మన సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపరు. బయటి ఊళ్ళవాళ్ళకి తెలీదు. ఆ సమయం రానేలేదు. పిలుపులు మాత్రం వస్తూనే ఉన్నాయి.

మా ఆయనే నయం. తర్వాత ఒక్క సభకి వచ్చాడు. నాలుగో చరణం రాగానే కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాయిద్యం లేకుండా నేనొక్కదాన్నే పాడాను. జనం అదీ పరిశుద్ధాత్మ కదలికే అనుకున్నారు. ఇంటికొచ్చాక ఒకే మాటన్నాడు. "ముందే థాంక్స్ చెప్పేశాం కదా, పని అయిపోయిందనుకున్నాడేమో పైనున్న ఆయన." అంతే. కీబోర్డుకి దుప్పటి కప్పేశాడు. మళ్ళీ తియ్యలేదు.

మరి ఇన్నాళ్ళు పాడినదానివి ఇవాళేమొచ్చిందంటారా? అదే చెప్పబోతున్నాను.

ఇందాక మీరు ఫోన్లో ఉన్నప్పుడు ఒకావిడ వచ్చింది. నాకంటే చాలా చిన్నది. వాళ్ళ పాప హాస్పిటల్లో ఉందట, పాప గౌను తెచ్చింది, దాని మీద ప్రార్థన చెయ్యమని. రేపు డాక్టర్లు వద్దన్నా సరే పాపని ఇంటికి తీసుకెళ్ళిపోతుందట. "పొందేశామని నమ్మాలి కదక్కా, ఒకపక్క సూదులు పొడిపిస్తూ నమ్మామంటే ఎలా?" అంది.

ఎవరి మాటలండీ అవి? మీవి. నా పాటలోంచి వెళ్ళాయి.

ముందు వరసలోనే కూర్చుంది, టెంటు గుంజ దగ్గర. ఈ కర్టెన్ సందులోంచి కనబడుతోంది. గౌను ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కసారి చూడండి.

చూడరా?

పోనీ మీరు వెళ్ళి చెప్పండి, హాస్పిటల్ మానిపించొద్దమ్మా అని. మీరు చెబితే వింటుంది. సభ అయ్యాకా? అయ్యాక ఇంత జనంలో దొరుకుతుందా? దొరికినా, నాలుగో చరణం విన్నాక మన మాట ఎక్కించుకుంటుందా?

నన్ను మైకులో చెప్పనిస్తారా మరి?

సరే. వద్దంటారని తెలుసు. అడగడం నాకలవాటు, మూడు చరణాలు అడిగినదాన్ని.

అయినా మీ మీద పెట్టడం దేనికిలెండి. మీరు నా నోరేం కట్టెయ్యలేదు. ఆవిడ వెళ్ళేముందు అడిగింది, "మీ పాప ఇప్పుడెలా ఉందక్కా?" అని. అప్పుడు మీరు పక్కన లేరు. మైకూ లేదు. ఇద్దరమే ఉన్నాం. చెప్పేస్తే అయిపోయేది, ఆ పాప రేపు హాస్పిటల్లోనే ఉండేది.

చెబుదామనే నోరు తెరిచాను. గౌను నా చేతిలో ఉంది, ఉతికి ఇస్త్రీ చేసిన గౌను. "బాగుందమ్మా, ఆడుకుంటోంది" అన్నాను.

అబద్ధం ఆడినట్టే అనిపించలేదు అయ్యగారూ. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మా పిల్ల గురించి అడిగే మనిషే లేకుండా పోయారు కదా నాకు. నిజం చెబితే ఇక ఎక్కడా ఆడదు కదా అది. అందుకని వేరే తల్లి బిడ్డని...

అదిగో, పిలుస్తున్నారు.

పదండి, నాలుగూ పాడతాను. ఆ ట్రాకు పెట్టే అబ్బాయికి చెప్పండి, శ్రుతి ఒక మెట్టు దించమని. చివర్లో నాకు అందట్లేదు.